సర్వర్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

1

2023 జూలై 11వ తేదీ ఉదయం మా కళాశాలలో బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, "మాస్టారూ, మా లైబ్రరీ కూలిపోయింది" అన్నది. నేను ఉలిక్కిపడి కిటికీలోంచి కళాశాల గ్రంథాలయం వైపు చూశాను. అది యథాప్రకారం తాళం వేసుకుని అక్కడే ఉన్నది. ఆ అమ్మాయి చెబుతున్నది వేరొక గ్రంథాలయం సంగతి. దాని పేరు ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’. నవలలు చదివి, సినిమాలు చూసి, వాటిలోని పాత్రలను తీసుకుని అభిమానులు తమంతట తాము వ్రాసుకున్న కథలను పదిమందికీ ఉచితంగా అందించే వెబ్‌సైటు అది. 2022లో విడుదలైన ‘ఆర్.ఆర్.ఆర్.’ సినిమాలోని రామరాజు మీదా, భీము మీదా దేశదేశాలవాళ్ళు వ్రాసిన కథలు అందులో ఉన్నాయి. మా విద్యార్థిని వ్రాసినవి కూడా నాలుగు ఉన్నాయట. ముందురోజు సాయంత్రం నుంచీ అది తెరుచుకోవడం లేదు.

నేను తేలికగా నవ్వేసి, "సినిమా హీరోల మీద కథలు వ్రాసుకునే చోటు ఒకరోజు మూతబడితే చరిత్రకు వచ్చే నష్టమేమిటమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు తిరిగి, "పత్రిక ఎవరిది, ప్రెస్సు ఎవరిది అని ముందు అడగమని మాకు మీరే చెప్పారు కదండీ. దీని సంగతి మీరు అడగనే లేదు" అని వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. అచ్చుయంత్రం ఎవరి ఆస్తి, కాగితం ధర ఎవరు నిర్ణయిస్తారు, పత్రికకు ప్రకటనలు ఎవరిస్తారు అనే ప్రశ్నలు వేయకుండా సాహిత్య చరిత్ర వ్రాయడం సాధ్యం కాదని విద్యార్థులకు నూరిపోస్తున్నాను. నా విద్యార్థుల తరం తన రాతకోతలన్నీ సాగిస్తున్న యంత్రం విషయం వచ్చేసరికి మాత్రం, అందులో ఉన్న కథల స్థాయిని చూసి పెదవి విరిచి ఊరుకున్నాను. వస్తువును చూసి సాధనాన్ని మరిచిపోవడం మన విమర్శకుల్లో పాత లోపమే. ఆ లోపాన్ని నా మటుకు సరిదిద్దుకునే ప్రయత్నంగా, అభిమానుల సంఘాలు విపరీతమైన రద్దీ వేళల్లో తమ వెబ్‌సైట్లను ఎలా నిలబెట్టుకుంటూ వచ్చాయో ఆ చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పదలచుకున్నాను.

2

ముందుగా రద్దీ అంటే ఏమిటో తెలియాలి. పరీక్షా ఫలితాల రోజున మనలో ప్రతివాడూ దీన్ని అనుభవించినవాడే. ఫలితాలు పదకొండు గంటలకు విడుదలని ప్రకటిస్తారు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు నుంచే లక్షలమంది ఒకే తలుపు తట్టడం మొదలుపెడతారు. తలుపు తెరుచుకోకపోతే ఎవరూ ఇంటికి పోరు; మళ్ళీ తడతారు, మళ్ళీ తడతారు. ఒక మనిషి ఒక్కసారి తట్టవలసిన చోట పదిసార్లు తట్టడంతో, అసలు రద్దీ కంటే అసహనం వల్ల పుట్టిన రద్దీ ఎక్కువవుతుంది. అంతవరకు మెల్లగానైనా నడుస్తున్న యంత్రం అప్పుడు పూర్తిగా కూలబడుతుంది.

లోపల జరిగేది ఇది. మనం ఒక పుట అడిగినప్పుడు ఆ కోరికను ముందుగా వెబ్ సర్వరు అందుకుంటుంది. కథ ఏది, రచయిత ఎవరు, చదివినవాళ్ళు ఎందరు, కింద వచ్చిన అభిప్రాయాలేమిటి అనే వివరాల కోసం అది డేటాబేసును అడుగుతుంది. డేటాబేసు తన నిల్వల్లో వెతికి ఒక్కొక్కటే తీసి ఇస్తుంది. నిమిషానికి పదిమంది వస్తే ఇబ్బంది లేదు. అదే నిమిషంలో పదివేలమంది వస్తే వెనకాల వరస పెరుగుతుంది. ప్రతి కోరికా యంత్రం జ్ఞాపకంలో కొంత చోటు ఆక్రమించుకుని నిరీక్షిస్తుంది. జ్ఞాపకం నిండిపోయాక కొత్తగా వచ్చినవాళ్ళకే గాక, అప్పటికే లోపల ఉన్నవాళ్ళకూ జవాబు అందదు.

వ్యాపార సంస్థకు దీనికి సులభమైన మందు ఉన్నది. మరికొన్ని యంత్రాలు కొని పడేస్తుంది. ఆ ఖర్చును ప్రకటనల మీద రాబట్టుకుంటుంది. డబ్బులేని సంఘాలకు అది సాధ్యం కాదు. అందుచేత అవి బుద్ధికి పని చెప్పవలసి వచ్చింది. ఈ చరిత్రలోని ముఖ్యమైన ఆవిష్కరణ ఒకటి ఆ అవసరంలోంచే పుట్టింది.

3

1999లో అమెరికాలో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే విద్యార్థి తన హైస్కూలు స్నేహితులతో సంబంధం తెగిపోకుండా ఉండటానికి ‘లైవ్‌జర్నల్’ అనే దినచర్యల వెబ్‌సైటును ప్రారంభించాడు. రెండు మూడేళ్ళలో అది స్నేహితుల గుంపును దాటి లక్షలాదిమంది వ్రాసుకునే చోటుగా మారింది. పుస్తకాల అభిమానులు, టెలివిజన్ నాటకాల అభిమానులు సంఘాలుగా కూడి కథలు వ్రాసుకోవడానికీ, చర్చించుకోవడానికీ దాన్ని తమ స్థావరం చేసుకున్నారు.

అంతమందిని మోయడం ఎలా? మొదట వెబ్ సర్వరూ, డేటాబేసూ ఒకే యంత్రం మీద ఉండేవి. తరువాత వాటిని రెండు యంత్రాలకు విడదీశారు. అదీ చాలక డేటాబేసుకు నకళ్ళు తయారుచేసి, చదివే పనిని నకళ్ళకు పంచారు. అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. ఎవరైనా ఒక కొత్త వాక్యం వ్రాస్తే దాన్ని అసలులోనూ, ప్రతి నకలులోనూ వ్రాయాలి. రాత పెరిగేకొద్దీ నకళ్ళన్నీ ఆ రాతను ఎక్కించుకోవడంలోనే మునిగిపోయి, చదివేవాళ్ళకు జవాబు చెప్పే తీరిక లేకుండా పోతుంది. కాబట్టి వాడుకరులనే గుంపులుగా విడగొట్టి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క డేటాబేసు కేటాయించారు. ఇవన్నీ జరుగుతుండగా వచ్చేవాళ్ళ సంఖ్యను అదుపులో పెట్టడానికి 2001 నుంచి 2003 దాకా, ఆహ్వాన సంకేతం ఉన్నవాళ్ళకే కొత్తగా ఖాతా ఇచ్చారు. పడవ మునగకుండా ఉండాలంటే రేవు దగ్గరే జనాన్ని లెక్కపెట్టి ఎక్కించడం వంటిది ఆ పద్ధతి.

2003లో ఫిట్జ్‌పాట్రిక్ మరొక ఉపాయం ఆలోచించాడు. వెయ్యిమంది ఒకే పుటను అడిగినప్పుడు డేటాబేసు వెయ్యిసార్లు వెతకడం ఎందుకు? ఒకసారి వెతికి తెచ్చినదాన్ని, ఖాళీగా పడి ఉన్న యంత్రాల జ్ఞాపకంలో దాచిపెట్టుకుంటే తరువాత వచ్చిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మందికీ అక్కడినుంచే ఇవ్వవచ్చు. ఈ ఆలోచనతో తయారైనదే ‘మెమ్‌క్యాష్‌డ్’. మొదట పెర్ల్ భాషలో వ్రాసిన దాన్ని అనతోలీ వొరోబే అనే సహచరుడు సి భాషలో తిరగవ్రాశాడు. ఎవరైనా వాడుకోవచ్చునని దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేశారు.

ఆ తరువాత జరిగింది మన పాఠకులు ముఖ్యంగా గమనించాలి. వికీపీడియా వంటి ప్రజాసంస్థలు దాన్ని వాడుకున్నాయి, సంతోషమే. ఫేస్‌బుక్ కూడా వాడుకున్నది. 2013లో ఆ సంస్థ ఇంజనీర్లు ప్రచురించిన పత్రం ప్రకారం, మెమ్‌క్యాష్‌డ్ పునాదిగా వారు నిర్మించుకున్న వ్యవస్థ సెకనుకు వందలకోట్ల కోరికలకు జవాబు చెబుతున్నది. దినచర్యలు వ్రాసుకునే పిల్లల తాకిడికి తట్టుకోవడానికి పుట్టిన పనిముట్టు, ప్రపంచంలో అతి పెద్ద ప్రకటనల వ్యాపారాల్లో ఒకదానికి ఇరుసు అయింది. సామూహిక శ్రమ ఫలితాన్ని పెట్టుబడి ఎలా జీర్ణించుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన కాలంలో వెతుక్కోనక్కరలేదు. అందులో చట్టవిరుద్ధమేమీ లేదు. ఉచితంగా ఇచ్చినదాన్ని ఉచితంగా తీసుకున్నారు. చట్టం ఆ మాటతో ఆగిపోతుంది గాని చరిత్రకారుడు ఆగకూడదు.

4

యంత్రం నిలబడినంత మాత్రాన సంఘం నిలబడుతుందా? లైవ్‌జర్నల్ చరిత్రే దీనికి జవాబు చెప్పింది. 2005 జనవరిలో దాన్ని ‘సిక్స్ అపార్ట్’ అనే సంస్థ కొన్నది. అదే నెలలో సర్వర్లు ఉన్న భవనంలో విద్యుత్తు పోయి, సైటు దాదాపు ఒకరోజు మూతబడింది. అది యంత్రానికి వచ్చిన ఆపద. సరిచేశారు, మళ్ళీ తెరుచుకున్నది. అసలు ఆపద 2007 మే నెలాఖరున వచ్చింది. ఒక బయటి బృందం ఒత్తిడి చేసేసరికి యాజమాన్యం విచారణ అన్నది లేకుండా సుమారు 500 ఖాతాలను రద్దుచేసింది. రద్దయిన ఖాతాల పేర్ల మీద అడ్డగీత కనిపించేది. పిల్లల మీద అత్యాచారాన్ని ప్రోత్సహించేవారిని తొలగిస్తున్నామన్నది చెప్పిన కారణం. తొలగిపోయినవాటిలో నబొకొవ్ నవల ‘లొలీటా’ను చర్చించుకునే స్పానిష్ పాఠకుల బృందం ఉన్నది, అభిమానుల కథా సంఘాలు ఉన్నాయి. గగ్గోలు పుట్టాక యాజమాన్యం క్షమాపణ చెప్పి చాలా ఖాతాలను తిరిగి ఇచ్చింది. కాని ఒక సత్యం అందరికీ తెలిసివచ్చింది. ఏళ్ళ తరబడి తాము వ్రాసినది, చదివినది, చర్చించినది ఒక కంపెనీ గుమాస్తా ఒక్క మీట నొక్కితే మాయమవుతుంది.

ఆ ఏడాదే ‘ఫ్యాన్‌లిబ్’ అనే వ్యాపార సంస్థ రంగంలోకి దిగింది. అభిమానుల కథలను ఒకచోట చేర్చి లాభం తీయాలని దాని సంకల్పం. పెట్టుబడి సుమారు 30 లక్షల డాలర్లు. కథలు వ్రాసేవారిలో అత్యధికులు స్త్రీలు. ఆ సంస్థను నడిపేవారు పురుషులు. లాభం సంస్థకు, కాపీహక్కు చిక్కులు వస్తే బాధ్యత రచయిత్రులకు! ఈ ఏర్పాటును అభిమానులు తీవ్రంగా నిరసించారు. 2008లో ఆ సంస్థ మూతపడింది. 2009 అక్టోబరు 26న యాహూ సంస్థ జియోసిటీస్‌ను మూసివేసింది. పదేళ్ళ క్రితం వందలకోట్ల డాలర్లకు కొన్న ఆ వెబ్‌సైటులో అభిమానులు నిర్మించుకున్న పుటలు లెక్కలేనన్ని. అది మూతబడటానికి రద్దీ కారణం కాదు. లాభం రాలేదు, అందుకని మూసేశారు.

ఈ అనుభవాల నడుమ, 2007 మే నెలలో నవలా రచయిత్రి నవోమీ నోవిక్ ఒక ప్రతిపాదన చేసింది. ప్రకటనలు లేని, లాభాపేక్ష లేని, అభిమానులే నడుపుకునే ఒక కథా భాండాగారం మనకు కావాలన్నది దాని సారాంశం. ప్రతిపాదనకు పెట్టిన పేరులో వర్జీనియా వుల్ఫ్ 1929 నాటి ప్రసిద్ధ గ్రంథం ప్రతిధ్వని ఉన్నది. స్త్రీ వ్రాయాలంటే తనదైన గది కావాలని వుల్ఫ్ వాదించింది. ఆ గదికి వీళ్ళు యంత్రాన్ని కూడా చేర్చారు. సర్వర్లు మన సొంతం కావాలన్న మాట ఆనాటి చర్చల్లో నినాదమయింది. అదే ఏడాది ‘ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్’ అనే సంస్థ ఏర్పడింది. 2009 నవంబరు 14న భాండాగారం అందరికీ తెరుచుకున్నది.

నాకు ఇక్కడ అత్యంత విలువైనదిగా తోచిన అంశం ఒకటున్నది. ఈ యంత్రాన్ని నిర్మించినవారిలో అత్యధికులు స్త్రీలు. వారిలో పలువురు దీన్ని నిర్మించడం కోసమే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. తెలిసినవారు తెలియనివారికి నేర్పారు. స్త్రీలకు చోటు దక్కడం కష్టంగా ఉన్న ఒక వృత్తిలోకి వాళ్ళు కథల దారిన ప్రవేశించారు.

5

సొంత ఇల్లు కట్టుకున్నవాడికి చూరు కారితే తానే ఎక్కి సరిచేసుకోక తప్పదు. భాండాగారం తెరిచిన మొదటి ఏడే దానికి పరీక్ష ఎదురయింది. ‘యూల్‌టైడ్’ అని అభిమానులు ఏటా జరుపుకునే కథాకానుకల పండుగ ఒకటుంది. ఒకరి కోసం ఒకరు రహస్యంగా కథ వ్రాస్తారు. డిసెంబరు 25న అన్నీ ఒక్కసారే బయటపడతాయి. 2009లో ఆ పండుగను కొత్త భాండాగారంలోకి మార్చారు. ఒకే గడియలో వేలమంది తమ కానుక కోసం తలుపు తడతారన్నమాట. ఇటువంటి రద్దీకి ఒక మంచి లక్షణం ఉన్నది: అది వచ్చే రోజు ముందే తెలుసు. తిరునాళ్ళకు ముందే బావులు పూడిక తీసినట్లు సిద్ధపడవచ్చు.

చెప్పకుండా వచ్చే రద్దీ వేరు. 2012లో ‘ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్’ అనే మరొక పెద్ద సైటు తన నియమాలకు సరిపడవన్న కథలను పెద్దయెత్తున తొలగించడం ప్రారంభించేసరికి, అక్కడి రచయితలూ పాఠకులూ మూకుమ్మడిగా ఇటు కదిలారు. వరద వచ్చినట్లయింది. పుటలు తెరుచుకోవడం కష్టమయింది. అప్పుడు నిర్వాహకులు చేసిన పని ఆలోచించదగినది. కథలను రకరకాలుగా వడగట్టి వెతుక్కునే సౌకర్యం డేటాబేసు మీద చాలా బరువు వేస్తున్నదని గ్రహించి, దాన్ని కొంతకాలం పూర్తిగా తీసివేశారు. పాఠకులకు అది ఎంతో ఇష్టమైన సౌకర్యం. గొణిగారు, తిట్టారు. కాని కథలు మాత్రం చదవడానికి దొరికాయి. తరువాత ఆ సౌకర్యాన్ని తేలికపడేటట్లు తిరగవ్రాసి మళ్ళీ తెచ్చారు. కొత్తగా చేరేవాళ్ళను ఆహ్వానాల వరసలో నిలబెట్టి, రోజుకు ఇంతమంది చొప్పున లోపలికి తీసుకున్నారు.

యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న ఈ ఘట్టంలో సాంకేతిక నిర్ణయంగా రూపం మార్చుకుంటుంది. రద్దీ వేళ అన్నిటినీ నిలబెట్టడం సాధ్యం కానప్పుడు దేన్ని వదులుకోవాలి? ప్రకటనల మీద బతికే సంస్థ ప్రకటనను వదులుకోదు. డబ్బు కట్టేవాళ్ళకొక వరస, కట్టనివాళ్ళకొక వరస పెడుతుంది. ఈ సంఘం వెతుకులాటను వదులుకుని చదువును కాపాడింది. ఆహ్వానం వరసలో ధనికుడికి వేరే ద్వారం పెట్టలేదు. కరువులో గంజికేంద్రం ముందు వరస ఎలా నడుస్తుందో చూస్తే ఆ ఊరి వ్యవస్థ ఏమిటో తెలుస్తుందంటారు. సర్వరు ముందు వరసకూ అదే సూత్రం వర్తిస్తుంది.

ఇటువంటి చిన్న చిన్న పొదుపులు ఇంకా ఉన్నాయి. ఖాతా లేకుండా చదివిపోయే వారికి ప్రతిసారీ కొత్తగా పుటను తయారుచేయకుండా ముందే దాచిన నకలు ఇవ్వవచ్చు. అందులో ఒక అభిప్రాయం కొంచెం ఆలస్యంగా కనిపిస్తే కొంప మునగదు. కథను ఎందరు చదివారన్న లెక్కను ప్రతి ఒక్కరి రాకతోనూ డేటాబేసులో వ్రాయకుండా జ్ఞాపకంలో కూడబెట్టి, కొంతసేపటికి ఒకసారి మొత్తంగా ఎక్కించవచ్చు. ఉత్తరాలు పంపే పనిని విడిగా వరసలో పెట్టి, రద్దీ తగ్గాక పంపవచ్చు. వీటన్నిటిలో ఉన్న వివేకం ఒకటే: ఏ పని ఈ క్షణాన జరగాలి, ఏ పని ఆగగలదు అన్నది తెలుసుకోవడం. చేనుకు నీళ్ళు వంతుల వారీగా పెట్టుకునే రైతుకు దీన్ని ఎవరూ నేర్పనక్కరలేదు.

2014లో భాండాగారంలో కథల సంఖ్య 10 లక్షలకు చేరింది. 2019లో 50 లక్షలకు. ఆ 2019లోనే డబ్లిన్‌లో విజ్ఞానకల్పనా సాహిత్యానికిచ్చే హ్యూగో పురస్కారం ఆ భాండాగారానికి లభించింది. 2020లో కరోనా వల్ల లోకమంతా ఇళ్ళలో మూసుకుని కూర్చున్నప్పుడు పాఠకుల తాకిడి మళ్ళీ పెరిగింది. అప్పటికి పదేళ్ళ పొదుపు అనుభవం వారి చేతిలో ఉన్నది.

6

మా విద్యార్థిని వచ్చి చెప్పిన 2023 జూలై నాటి సంఘటన సహజమైన రద్దీ కాదు. లెక్కలేనన్ని యంత్రాల నుంచి దొంగ కోరికలను ఒకేసారి గుమ్మరించి అసలు పాఠకులకు దారి లేకుండా చేసే దాడి అది. ఫలితాల రోజున జనం అమాయకంగా చేసే పనిని దాడి చేసేవాడు కుట్రగా చేస్తాడు. ‘అనానిమస్ సూడాన్’ అన్న పేరుతో ఒక ముఠా ఇది తమ పనేనని ప్రకటించుకుని, మతం పేరూ నీతి పేరూ చెప్పి, చివరకు బిట్‌కాయిన్లలో 30,000 డాలర్లు ఇమ్మని అడిగింది. సంస్థ డబ్బు ఇవ్వలేదు. ఆ ముఠా చెప్పే కారణాలను నమ్మవద్దనీ, ఆ పేరున ముస్లింల మీద ద్వేషం వెళ్ళగక్కవద్దనీ అభిమానులకు విజ్ఞప్తి చేసింది. ఒకరోజుకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలు నిద్ర మానుకుని పనిచేశాక భాండాగారం తెరుచుకున్నది.

ఎలా తెరుచుకున్నదన్నది కూడా దాచకుండా చెప్పాలి. ‘క్లౌడ్‌ఫ్లేర్’ అనే ప్రైవేటు సంస్థ రక్షణ గోడ వెనక్కు చేరి తెరుచుకున్నది. సర్వర్లు మనవి కావాలన్న నినాదంతో పుట్టిన సంఘం, ఆ సర్వర్లకు కావలి కాయడానికి మరొకరి మీద ఆధారపడవలసి వచ్చింది. దీన్ని ద్రోహమనటం తేలిక, కాని తప్పు. అంతపెద్ద ప్రవాహాన్ని తట్టుకునే కాలువలు లోకంలో కొన్ని పెద్ద సంస్థల చేతిలోనే ఉన్నాయి. సర్వరు సొంతమైనా దాకా వచ్చే బాట సొంతం కాదు. సముద్రంలో ఒక దీవి వంటి సహకార సంఘం పరిమితి ఏమిటో ఈ ఘట్టం చూపిస్తుంది.

దోపిడీ కొత్త దారులు కూడా తొక్కుతున్నది. కృత్రిమ మేధ యంత్రాలకు మేత కోసం రాత్రింబవళ్ళు పుటలను దోచుకుపోయే మరమనుషుల తాకిడి అన్ని ప్రజా భాండాగారాల మీదా పడింది. ఆ పని చేసే ఒక పెద్ద సేకరణకర్తను 2022 డిసెంబరులోనే ఈ భాండాగారం అడ్డుకున్నది. వికీపీడియాను నడిపే సంస్థ 2025లో వెల్లడించిన లెక్కల ప్రకారం, దానికి అత్యంత ఖర్చయ్యే రాకపోకల్లో 65 శాతం మరమనుషులవే. చదివేవాడి కోసం కూడబెట్టిన చందాలు, చదవని యంత్రాలకు జవాబు చెప్పడంలో కరిగిపోతున్నాయి. మెమ్‌క్యాష్‌డ్ కాలంలో ప్రజల పనిముట్టును ఉచితంగా తీసుకున్నారు. ఇప్పుడు రాతనే తీసుకుంటున్నారు.

7

కొందరు మిత్రులు ఈ భాగాలు విని కొన్ని ఆక్షేపణలు చెప్పారు.

మొదటి ఆక్షేపణ: పెద్ద కంపెనీలు ఇంతకంటే గొప్ప రద్దీని తట్టుకోవడం లేదా? తట్టుకుంటున్నాయి. 2013 ఆగస్టులో జపాన్ టెలివిజన్‌లో ‘క్యాజిల్ ఇన్ ది స్కై’ సినిమా వస్తుండగా, కథలోని నాశనమంత్రాన్ని పాత్రలు పలికే క్షణాన అభిమానులంతా ఒక్కసారే ఆ మాటను ట్విటర్‌లో వ్రాశారు. మామూలుగా సెకనుకు 5,700 సందేశాలు వచ్చే చోట ఆ ఒక్క సెకనులో 1,43,199 వచ్చాయి. యంత్రం చలించలేదు. ఇంజనీర్ల నైపుణ్యానికి జోహార్లు చెప్పవలసిందే. అయితే 2022 అక్టోబరులో ఆ సంస్థను ఒక కోటీశ్వరుడు కొన్నాడు. వేలాది ఉద్యోగులను తొలగించాడు. పేరుతో సహా ఇల్లంతా మార్చేశాడు. ఆ మంత్రాన్ని ఒక్క గొంతుతో పలికిన అభిమానులను ఎవరూ సలహా అడగలేదు. రద్దీకి కూలని ఇల్లు అమ్మకానికి కూలింది.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. స్వచ్ఛంద సేవ అంటే జీతంలేని శ్రమ కాదా? అవును. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి సర్వర్లకు కావలి ఉండే స్త్రీ అలసటను ఆదర్శమని కీర్తించి చేతులు దులుపుకోవడం మన పని కాదు. ఇంటిచాకిరీని త్యాగమని పొగిడిన వాళ్ళే దానికి విలువ కట్టకుండా తప్పించుకున్నారు. ఏడాదికి రెండుసార్లు చందాలు పోగుచేసి యంత్రాలు కొనగలిగిన సంఘం, మనిషి శ్రమకు న్యాయం చేసే మార్గం కూడా వెతకవలసిందే. నిద్రలేని పదిమంది మీద నిలిచిన ఏ వ్యవస్థా చిరకాలం నిలవదు.

మూడవది: యాజమాన్యం సమస్తం పరిష్కరిస్తుందా? పరిష్కరించదు. 2023 మే నెలలో, భాండాగారంలో జాత్యహంకారపు రాతలనూ వేధింపులనూ అరికట్టడానికి సంస్థ ఇచ్చిన హామీలు నెరవేర్చలేదని అభిమానులే పెద్దయెత్తున నిరసన సాగించారు. సర్వరు ఉమ్మడి ఆస్తి అయినంత మాత్రాన దాని ముందు కూర్చున్నవారి మనసుల్లోని వివక్ష తొలగిపోదు. కాని ఒక తేడా ఉన్నది. లైవ్‌జర్నల్ యజమానిని అభిమానులు బతిమాలుకోగలిగారు, అంతే. ఇక్కడ చందా కట్టిన సభ్యులు పాలకమండలిని ఎన్నుకుంటారు; నిలదీయగలరు. ఆ హక్కును వాడుకుంటారా లేదా అన్నది వారి చైతన్యం మీద ఆధారపడి ఉంటుంది. హక్కే లేని చోట ఆ ప్రశ్న కూడా పుట్టదు.

8

ఈ వ్యాసం చాలావరకు వ్రాశాక ఆ విద్యార్థినిని పిలిచి చూపించాను. శ్రద్ధగా చదివింది. ఫిట్జ్‌పాట్రిక్ సంగతి తనకు తెలియదన్నది. గంజికేంద్రం పోలిక దగ్గర కొంచెం నవ్వింది. చివరకు, "అన్నీ వ్రాశారు గాని మాస్టారూ, మా కథలు మాత్రం చదవలేదు" అన్నది.

నిజమే. యంత్రాన్ని చదివాను గాని ఆ యంత్రం ఎవరికోసం నిలబడిందో ఆ రాతను చదవలేదు. వస్తువును చూసి సాధనాన్ని మరిచిన తప్పు దిద్దుకోబోయి సాధనాన్ని చూసి వస్తువును మరిచాను. ఆ సాయంత్రం ఆమె కథ ఒకటి చదివాను. అడవి నుంచి ఢిల్లీకి వచ్చిన భీము, దొరల బంగళాలో పనిచేసే ఒక వంటమనిషితో ఒక రాత్రి మాట్లాడతాడు. సినిమాలో ఆ వంటమనిషి లేడు. అతనికి ఊరు, అప్పు, చదువుకోని కూతురు ఉన్నారు. అతిశయోక్తులు ఉన్నాయి, తొందరపాటు ఉన్నది. అయినా తెర మీద ఎవరూ పట్టించుకోని మనిషిని పట్టించుకోవాలన్న తపన ఆ కథలో ఉన్నది. మన సంఘం సభల్లో చదివిన కథల్లో ఆ తపన లేనివి నేను చాలా విన్నాను.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి రెండు మాటల్లో చెబుతాను. మన విద్యార్థులు ఎక్కడ వ్రాస్తున్నారో తెలుసుకుని ఆ యంత్రం ఎవరిదని అడగండి. ఎలా నడుస్తుందో వాళ్ళచేత నేర్పించుకోండి. అంతకంటే ముందు వాళ్ళు వ్రాసినది చదవండి. విద్యార్థులకు ఒక్క మాట: మీ కథకు మరొక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. మా విద్యార్థిని దగ్గర 2023 జూలై 11న ఏ ప్రతీ లేదు. ఆ ఒకరోజు మొత్తం ఆమె నాలుగు కథలూ, తనకు ఏనాడూ ముఖం తెలియని కొందరి మెలకువ మీద ఆధారపడి బతికాయి.